మా పాల ఫారం సూపర్‌వైజరు బ్యాండు

సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఒక పాల ఫారంలో నేను ఎలక్ట్రీషియన్‌గా ఉన్న రోజుల్లో, పాలు పితికే షెడ్డుకు సూపర్‌వైజరు ఒక దక్షిణాఫ్రికా ఆయన. పొడుగాటి మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఒక శుక్రవారం తన గదిలో ప్లగ్గు కాలిపోయిందని పిలిస్తే వెళ్లాను. మంచం పక్కన ఎలక్ట్రిక్ గిటారు, దాని స్పీకరు పెట్టె ఉన్నాయి.

ప్లగ్గు మారుస్తుంటే చెప్పాడు. వాళ్ల ఊళ్లో నలుగురు స్నేహితులు కలిసి రాక్ బ్యాండు పెట్టుకున్నారట. ఏ కంపెనీ వాళ్ల పాటలు తీసుకోలేదు. కారు షెడ్డులో తామే రికార్డు చేసి, సీడీలు తామే అమ్ముకునేవారు. పాప పుట్టాక ఆ రాబడితో ఇల్లు గడవక, ఆవుల పని తెలుసు గనుక ఈయన ఇక్కడికి వచ్చాడు. మిగతా ముగ్గురూ ఈయన చోటులో ఇంకొకరిని పెట్టుకోలేదు.

ఆ తరువాత నేను పాల ట్యాంకుల దగ్గర పనిలో ఉంటే వచ్చి, వాళ్లు పంపిన పాట పెట్టి ఫోను నా చెవి దగ్గర పెట్టేవాడు. మొదట్లో నాకది గోల. రానురాను డ్రమ్ము ఎక్కడ ఆగుతుందో, గొంతు ఎక్కడ లేస్తుందో పట్టుబడింది. ఊళ్లో ఉన్న ముగ్గురూ మొదట బార్లలో వాయిస్తున్నారన్నాడు, తరువాత కాలేజీల్లో. ఒకరోజు రేడియోలో తమ పాట వచ్చిందన్నాడు. అది ఈయన కట్టిన పాటే. చెబుతున్నప్పుడు సంతోషం కన్నా అలసటే ఎక్కువ వినిపించింది. అప్పుడే షిఫ్టు దిగి వచ్చాడు.

అప్పటికే నితాకత్ చట్టం గట్టిగా నడుస్తోంది. సౌదీ వాళ్లను తగినంత మందిని పెట్టుకోకపోతే కంపెనీ ఎర్ర రంగులో పడుతుంది, అక్కడ ఉండడానికిచ్చే మా ఇఖామా కార్డులు రెన్యువల్ కావు. దానికి తోడు బయటి దేశం పనివాళ్ల మీద తలకింత అని లెవీలు. క్యాంపులో ఎవరో ఒకరికి ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తూనే ఉండేవారు. పోయినవాళ్ల పని ఉన్నవాళ్ల మీద పడేది. అన్ని షెడ్ల కరెంటు పనీ నా ఒక్కడికే వచ్చింది. వండుకునే ఓపిక లేక ఖుబూస్ రొట్టె పెరుగులో ముంచుకు తిని పడుకునేవాళ్లం.

అప్పుడే బ్యాండుకు ఒక పెద్ద మైదానంలో కచేరీ దొరికింది. నీ పాట నువ్వే వాయించాలి, రమ్మని పిలిచారు. సెలవు అడిగితే ఆఫీసులో, నీ పోస్టు సౌదీలకు ఇవ్వాల్సిన వాటిలో ఉంది, తిరిగొచ్చేసరికి ఉంటుందని చెప్పలేం అన్నారట. షెడ్డు మెట్ల మీద కూర్చుని, నువ్వయితే ఏం చేస్తావని నన్నడిగాడు. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను గానీ, నేనన్నది ఇంతే: "నన్నెవరు పిలుస్తలేరు సార్. మిమ్మల్ని పిలుస్తున్నరు, పోండ్రి."

ఆయన తన వేళ్ల వైపు చూసుకుంటూ అన్నాడు, "భయంగా ఉంది. వాళ్లు రోజూ వాయిస్తున్నారు. నేను ఆవుల మధ్య ఉండిపోయాను. ఇప్పుడు వాళ్లతో సమంగా వాయించగలనో లేదో."

వారం తిరక్కుండానే ఎగ్జిట్ కొట్టించుకుని వెళ్లిపోయాడు.

కచేరీ వీడియో పంపితే, జగిత్యాల నుంచి వచ్చిన మా గది సోపతీ నేనూ కలిసి చూశాం. మొదట్లో ఆయన వేళ్లు తడబడ్డాయి. ఒకచోట ఆగిపోయాడు. పాడే అతను ఆయన వైపు తిరిగి, అదే చరణం మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి అందుకున్నాడు. మైదానం మొత్తం ఆ పాట పాడుతోంది.

"షెడ్డుల ఎన్నడన్న గిట్ల నవ్విండా అన్నా ఈయన?" అన్నాడు సోపతి.

నవ్వలేదన్నాను.

బ్యాండు ఇంకా పెద్దదైంది. ఏ కంపెనీ చేతికీ పోకుండానే బయటి దేశాలకు కూడా వెళ్లి వాయించారు. నన్ను బురైదాలో ఖర్జూర తోటలున్న ఇంకో కఫీల్, అంటే వీసా యజమాని, కిందికి మార్చారు. అక్కడ పంపుల పని, అదే అలసట. ఒకసారి ఆయన మెసేజి పెట్టాడు. వ్యాన్లో తిరిగి తిరిగి నడుం పడిపోతోందట, పాప తనను ఎక్కువగా ఫోనులోనే చూస్తోందట. "ఒళ్లు అక్కడికన్నా ఎక్కువే అలుస్తోంది. విసుగు మాత్రం పుట్టడం లేదు" అని రాశాడు.

 "బాగుంది సార్" అని పంపి, మోటారు విప్పడానికి వెళ్లాను.