నా అబద్ధానికీ నెగటివే, నా నిజానికీ నెగటివే

నడుము నొప్పి లేని రోజున కూడా నొప్పి మాత్ర వేసుకున్నాను. ఏదో తేడా జరుగుతోందని ఆ పూటే తెలిసింది. స్లిప్ డిస్క్‌కని డాక్టర్ పది రోజులకు రాసిన ట్రమడాల్‌ను నేను రెండేళ్ళు మింగాను. మానేద్దామని చూసిన రోజున ముక్కు కారేది, ఆవలింతలు ఆగేవి కావు, కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. మేముండే ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో అందరికీ వైరల్ ఫీవర్ అని చెప్పాను.

చివరికి మా ఆయనే ఆసుపత్రిలో మత్తు అలవాటు మాన్పించే డీ-అడిక్షన్ ఓపీడీకి తీసుకెళ్ళారు. బడిలో లెక్కలు చెప్పేదాన్ని, నన్ను మత్తుమందుల వాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారని కోపంతో ఊగిపోయాను. మాత్ర మాన్పించడానికి వేరే మందు మొదలుపెట్టి, ఒక రీసెర్చ్ స్టడీలో కూడా చేర్చుకున్నారు. వారం వారం "నొప్పి మాత్ర వేసుకున్నారా?" అని అడిగి రాసుకుంటారు, తర్వాత యూరిన్ టెస్ట్ చేస్తారు. పేషెంట్ మాటా, టెస్ట్ మాటా ఎంతవరకు కలుస్తాయో చూడటం వాళ్ళ పని.

నాలుగు వారాలు "లేదు" అన్నాను. పచ్చి అబద్ధం. రోజుకు రెండు వేసుకుంటూనే ఉన్నాను. అయినా నాలుగుసార్లూ నెగటివ్ వచ్చింది. ఎలా వచ్చిందో అడగడానికి నాకేం పట్టింది! మా ఆయన ఆ రిపోర్టు ఫోటో తీసి మా అత్తగారికి పంపారు.

అయిదో వారం జూనియర్ డాక్టర్, "వెరీ గుడ్. మందు తగ్గించేద్దాం, వచ్చే నెల డిశ్చార్జ్," అన్నాడు. ఇక్కడి నుంచి పంపించేస్తే ఇక ఈ జన్మకు మానలేనని తెలుసు.

"తగ్గించకండి. నిన్న కూడా వేసుకున్నాను," అన్నాను.

ఫారం నింపే అమ్మాయి పెన్ను ఆపేసింది. "అరే దీదీ, అందరూ వేసుకుని లేదంటారు. మీదేంటి ఉల్టా?"

ఆ రోజూ నెగటివే. డాక్టర్ యాంగ్జైటీ అని రాశాడు. మా ఆయన, "టెస్టే క్లీన్ అంటుంటే నీకెందుకే ఈ గొడవ? ఊరుకోరాదూ," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. అబద్ధమాడినన్నాళ్ళూ నిజాయితీపరురాలిని, ఒక్క రోజు నిజం చెబితే మతి చెడినదాన్నా? "మీ టెస్ట్ స్ట్రిప్ ఏ మందును పట్టుకుంటుందో చెప్పేదాకా ఈ కుర్చీలోంచి లేవను," అన్నాను. లేవలేదు కూడా.

సీనియర్ డాక్టర్ మేడమ్ వచ్చి స్ట్రిప్ కవరు తిప్పి చూశారు. "ఇది హెరాయిన్, మార్ఫిన్‌లకు. ట్రమడాల్‌ను పట్టదు. ఈవిడ కరెక్టే," అన్నారు. శాంపిల్ వేరే ల్యాబ్‌కు పంపితే పాజిటివ్ వచ్చింది. ఆ మాట విని నేను గెలిచినట్టు నవ్వాను. మా ఆయన మాత్రం, "ఆ నాలుగు వారాలూ నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

"చెప్పిన రోజున మీరు కాగితాన్నే నమ్మారుగా."

నేను ఫారం అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "మొదటి నాలుగు వారాలూ అబద్ధం చెప్పానని రాయమ్మా," అన్నాను. కొట్టివేతలు కుదరవంది. "అయితే పక్కన రాయి," అన్నాను. రాసింది.

తర్వాత రెండుసార్లు జారి మళ్ళీ మాత్ర వేసుకున్నాను. రెండుసార్లూ ఆ రోజే ఓపీడీకి ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడు తొమ్మిది నెలలుగా మాత్ర ముట్టలేదు. నడుము అప్పుడప్పుడు నొప్పి పెడుతుంది, పెట్టనీ. ఫిజియోథెరపీ చేసుకుని బడికి వెళ్తున్నాను.

నాలాంటి వాళ్ళకు ఒక్క మాట. శాంపిల్ ఇచ్చే ముందు మీ మాత్ర పేరు చెప్పి, ఈ టెస్ట్ దాన్ని పట్టుకుంటుందా అని అడగండి. పట్టదంటే హమ్మయ్య అనుకోకండి. అప్పుడు మీ రోగం సంగతి తెలిసిన మనిషి మీరొక్కరే. మీరూ నోరు విప్పకపోతే, వైద్యం ఎవరికి చేస్తారు?