పలకలు పంపిన ముసలి దంపతులు

గోదావరిఖనిలో మేము చదువుకున్న రేకుల షెడ్డు గోడకు ఒక పటం ఉండేది. ఎక్కడో దూరదేశపు తెల్లటి ముసలి దంపతులు, తమ ఇంటి ముందు బల్ల మీద కూర్చుని నవ్వుతుండేవారు. పటం కింద చెక్క మీద తెలుగులో ఏదో రాసి ఉండేది. అది చదవడం మాకింకా రాదు.

అప్పటికే నా తలలో తెల్లవెంట్రుకలు మొదలయ్యాయి. మా ఆయనకు బొగ్గు బాయిలో పని దొరికి, ఊరు విడిచి క్వార్టర్‌కు వచ్చి పదేళ్ళు దాటింది. మొదటి షిఫ్టు వాళ్ళు తిరిగి వచ్చేలోపు, వంట ముగించుకుని మేము కొందరం ఆడవాళ్ళం ఆ షెడ్డుకు వెళ్ళేవాళ్ళం.

నేను వెళ్ళడానికి ఒక కారణముంది. ఒకరోజు బాయి సైరన్ వేళకాని వేళ మోగింది. అందరితోపాటు గేటు దగ్గరికి పరుగెత్తాను. దెబ్బలు తగిలినవాళ్ళ పేర్లు రాసి బోర్డుకు అంటించారు. ఆ కాగితం నా కళ్ళ ముందే ఉంది, అందులో మా ఆయన పేరుందో లేదో నాకు తెలియదు. పక్కనున్న మనిషి చొక్కా పట్టుకుని గుంజాను. ఆయన తన తమ్ముడి పేరు వెతుక్కుంటున్నాడు, నా చెయ్యి విదిలించుకున్నాడు. ఎంతోసేపటికి ఎవరో చదివి, లేదని చెప్పారు. ఇంకోసారి అలా నిలబడకూడదని అప్పుడే అనుకున్నాను.

మాకు చదువు చెప్పే పంతులమ్మది మంథని. పలకలు, బలపాలు, ఆమె జీతం అన్నీ ఆ పటంలోని కుటుంబం పేరు మీద పెట్టిన ధర్మనిధి నుంచి వస్తాయని చెప్పింది. వాళ్ళు మనకేమవుతారు, మన ఊరి పేరు వాళ్ళకెవరు చెప్పారు అని మేము బలపం పక్కన పెట్టి మరీ అడిగేవాళ్ళం. ఒక్క సంగతి మాత్రం అడగలేదు. మా ఇండ్లలో గోడకెక్కే పటాలు రెండే రకాలు: దేవుళ్ళవి, పోయినవాళ్ళవి. ఎవరి పేరు మీదనైనా చలివేంద్రం పెట్టారంటే వాళ్ళు లేరనే అర్థం. ఇక అడిగేదేముంది?

బతుకమ్మ సెలవులకు ఊరెళ్తూ పంతులమ్మ అన్నది: "దసరా అయినంక ఆ దేశం నుంచి మనుషులొస్తరు. చూసి, బడి నడపాల్నా ఆపాల్నా అనేది చెప్పి పోతరు."

నాకు అక్షరాలు వచ్చాయి కానీ ఒత్తులు పట్టుబడలేదు. ఇప్పుడు ఆపేస్తే మళ్ళీ గేటు దగ్గర ఎవరి చొక్కానో పట్టుకోవాల్సిందే.

బతుకమ్మ మొదలయ్యే రోజే పెత్రమాస. పోయిన పెద్దల పేరు మీద వండి, కాకికి పెట్టే రోజు. షెడ్డు తాళం మా పక్క క్వార్టర్ అవ్వ దగ్గర ఉండేది. మాలో అందరికన్నా పెద్దది ఆమె. చదువులో మాత్రం 'అ' దాటలేదు.

"వాళ్ళ పేరు మీద పలక పట్టినం. పెత్రమాసకు ఒక్క ముద్ద పెట్టకుంటె ఎట్లనే?" అన్నది అవ్వ.

"వాళ్ళేం తింటరో మనకేం ఎరుక?" అన్నాను.

"రొట్టె తింటరట," అన్నది ఎదురింటి అక్క. "ముసలమ్మకు బొట్టు లేదు సూడు. ఆయన ముందుగాల పోయినట్టుంది."

"మొగడు పక్కనే కూసున్నడు గదనే! బొట్టెందుకు తీస్తది?" అని అవ్వ కసిరితే అందరం పడీపడీ నవ్వాం.

చివరికి బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి, గిన్నెకు అద్ది కాల్చే సర్వపిండి చేశాం. అదీ ఒక రకం రొట్టే కదా అనుకున్నాం. పటం అద్దానికి బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాం. షెడ్డు బయట ముద్ద పెట్టగానే కాకి వచ్చి ముట్టింది.

"సల్లగున్నరు," అని అవ్వ తృప్తిపడింది.

సెలవులైన తరువాత మొదటిరోజు మేము తలుపు తీసి కూర్చున్నామో లేదో జీపు వచ్చి ఆగింది. ముందు పంతులమ్మ దిగింది. ఆమె వెనుక పటంలోని ముసలమ్మ, ముసలాయన దిగారు.

అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఓ పిల్లా! లేసొచ్చిన్రే!"

ముసలాయన తన పటం ముందు నిలబడి, వాడిన బంతిపువ్వును వేలితో తాకి, పంతులమ్మను ఏదో అడిగాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"మర్యాదకు ఏసిన్రని చెప్త. మీరు ఊకుండుండ్రి," అన్నది మాతో మెల్లగా.

"అబద్ధమెందుకు బిడ్డా?" అన్నది అవ్వ. "పోయిన్రనుకున్నం, పెత్రమాసకు పెట్టినం. గదే చెప్పు."

పంతులమ్మ తల వంచుకుని చెప్పింది. అయిపోయింది, ఇక బడి లేదు అనుకున్నాను. ముసలాయన తన గుండె మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. ముసలమ్మ ఏదో అడిగింది. పంతులమ్మ నమ్మలేనట్టు మా వైపు తిరిగింది.

"మా కోసం ఏం వండిన్రు అంటుంది."

"సర్వపిండి. కాకి తిన్నది," అన్నది అవ్వ లేస్తూ. "ఇప్పుడు కాల్చుత, తింటరా అడుగు."

అవ్వ షెడ్డు బయట బొగ్గుల పొయ్యి రాజేస్తుంటే నేను ఆగలేక పంతులమ్మ చేత అడిగించాను: "బతికుండంగనే పేరు మీద ధర్మమెందుకు?" వాళ్ళ పెళ్ళై యాభై ఏళ్ళు నిండాయట. కానుకలు తేవద్దని వాళ్ళంటే, అక్కడి ఊరివాళ్ళంతా కలిసి వాళ్ళ కుటుంబం పేరు మీద ఈ నిధి పెట్టారట. తమ పేరు మీద జరిగే మంచిని కళ్ళతో చూసుకోవచ్చన్నది నేనెన్నడూ వినలేదు. ముసలమ్మకు మా సంగతి అంతకన్నా వింతగా తోచింది. ముఖమెరుగని తమకెందుకు అన్నం పెట్టారని అడిగింది. "పలకలిచ్చిన్రు గద," అన్నది ఎదురింటి అక్క.

సర్వపిండి వాసనకు అందరూ పొయ్యి దగ్గరికి వెళ్ళారు. ముసలమ్మ మాత్రం పటం ముందే ఉండి, నా చీర చెంగు పట్టి మెల్లగా లాగింది. కింది చెక్క చూపించి ఏదో అడిగింది. ఆ మాటలు నాకు తెలియవు, వేలు అర్థమైంది. ఆమెకు మా అక్షరాలు రావు. తన గురించే రాసిన మాట తనకే తెలియదు.

నేనూ అంతవరకు దాన్ని పూర్తిగా చదవలేదు. వేలు పెట్టి మొదలుపెట్టాను. "ఈ... కు... టుం... బం... గౌ... ర... వా..." చివరి ఒత్తు దగ్గర ఆగాను. ఆమె ఎదురుచూసింది. "ర్థం," అన్నాను. ఆమె నా వెంట ఒక్కొక్క అక్షరం పలికింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో పంతులమ్మ, సర్వపిండి ముక్క నములుతూ ముసలాయన నిలబడి ఉన్నారు.

వెళ్ళేముందు, బడి ఆగదని చెప్పించారు. జీపు కదలకముందే అవ్వ దండ తీసేసి, తడిగుడ్డతో అద్దం మీది బొట్లు తుడిచింది. "బతికినోళ్ళ పటానికి గివన్ని ఉండద్దు," అన్నది.

ఆ చలికాలంలోనే మా ఆయన మరిచిపోయిన టిఫిన్ గిన్నె పట్టుకుని బాయి గేటుకు వెళ్ళాను. బోర్డు మీద కొత్త కాగితం ఉంది. దాని ముందు నిలబడి, ఎవరినీ పిలవకుండా, మొదటి నుంచి చివరిదాకా చదివాను. మంగళవారం క్వార్టర్లకు నల్లా నీళ్ళు రావట. ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. వాడకట్టులో అందరికన్నా ముందు మా రెండిళ్ళ బిందెలే నిండాయి.