గేటు దగ్గర చదివిన జాబితా

నంద్యాలలో ఆ పత్తి మిల్లు ఇప్పుడు లేదు. అక్కడి యూనియన్‌లో పనిచేసిన నాకు, సువార్తమ్మను తలుచుకుంటే మాత్రం దూది వాసన, చెప్పులు విడిచి అడుగుపెట్టాల్సిన కంప్యూటరు గది చల్లదనం గుర్తొస్తాయి.

బడిపంతులు సంజీవయ్య కూతురు. డెబ్భై ఆరులో టైపిస్టుగా చేరింది. ఎనభై ఏడులో మిల్లుకు కంప్యూటరు వస్తే, ముట్టుకునే ధైర్యం మగవాళ్లెవరూ చెయ్యలేదు. ఆమెనే నేర్చుకురమ్మని హైదరాబాదు పంపారు. తిరిగొచ్చి, గుమాస్తాలు ఐదుగురికీ తలా ఒక ఖాతా తెరిచి, దాన్ని తెరిచే రహస్యపు మాట ఎవరిది వాళ్లు పెట్టుకోమంది. నలుగురు అహోబిలం దేవుణ్ణి తలుచుకుని ‘ఓబులేసు’ అనే పెట్టుకున్నారు.

"ఏందప్పా, అందరిండ్లకీ ఒకటే తాళంచెవా?" అని నవ్వి మార్పించింది.

పనివాళ్ల జాబితాల్లో ఏది ఎవరు చదవాలో, ఎవరు దిద్దాలో ఆ యంత్రంలో ఆమే నిర్ణయించేది. మిల్లు ఆళ్లగడ్డ బ్రాంచిలో ఉన్న కంప్యూటరు వేరే రకం. అక్కడ ఖాతాలూ లేవు, రహస్యాలూ లేవు. ముందు కూర్చున్నవాడు ఏదైనా మార్చొచ్చు. ప్రతి శనివారం అక్కడి జాబితాలు ఎక్కించిన ఫ్లాపీ పట్టుకుని బస్సులో వచ్చే గుమాస్తా ఖాజా పీర్, "మా మిషన్‌కు వాకిలే లేదక్కా, ఎవురైనా దూరచ్చు" అనేవాడు.

ఎనభై ఎనిమిదిలో ఆళ్లగడ్డలో పత్తి ఏరే ఆడవాళ్లలో పన్నెండు మందిని పర్మనెంటు చేస్తామన్నారు. పాతవాళ్లు ముందు. పదకొండు సీజన్లు చేసిన ఓబులమ్మది మూడో పేరు. ఆ శనివారం వచ్చిన ఫ్లాపీలో ఆమె పంతొమ్మిదికి జారింది. మూడోచోట, చేరి ఏడాదే అయిన ఒకామె, మేనేజరు బామ్మర్ది తాలూకు మనిషి.

"నేను దిద్దలేదక్కా, అల్లా సాక్షి! నిన్న ఆ బామ్మర్ది నన్ను టీకి పంపిచ్చినాడు" అన్నాడు ఖాజా పీర్.

అంతకుముందు వారం జాబితా నంద్యాల యంత్రంలో సువార్తమ్మ ఖాతాలో భద్రంగా ఉంది.

"అది తీసేసి కొత్తది ఎక్కించు" అన్నాడు మేనేజరు.

"దాన్ని ఎవురూ దిద్దకుండా కట్టేసినా సార్. అందరూ చదివేదానికి మాత్రం తెరిసినా."

"ఎవురినడిగి?"

బయటికొచ్చాక ఆమెకు తట్టింది. అందరూ అంటే ఆ ఐదుగురు గుమాస్తాలే కదా! ఓబులమ్మకు ఖాతా ఎక్కడిది? అచ్చేసి ఇచ్చినా ఇంగ్లీషు అక్షరాలు. ఈ దేశంలో ఎన్ని హక్కులు ఇట్లా చదువురానివాళ్ల గడప దాకా వచ్చి ఆగిపోయాయో!

సోమవారం సెలవు పెట్టి ఆళ్లగడ్డ బస్సెక్కింది. అన్నాల వేళ గేటు దగ్గర నిలబడి పాత జాబితా గట్టిగా చదివింది. "మూడు. ఓబులమ్మ. చేరింది డెబ్భై ఏడు."

"ఇంగోసారి సదువక్కా" అంది ఓబులమ్మ.

"ఏం, చెవుడా నీకి?" అంది పక్కనున్న షరీఫా.

"చెవుడు కాదులేమ్మే. ఈ గేటుకాడ నా పేరు తిట్టకుండా పిలిసినోళ్లు యాడుండారు?"

ఆ తర్వాత సువార్తమ్మ కొత్త జాబితా చదివింది. ఒక్కరూ లోపలికి పోలేదు. యూనియన్ వాళ్లం మేమూ పోయి వాళ్ల పక్కన కూర్చున్నాం. పొద్దు గూకేలోపల పాత జాబితానే ఖాయమైంది.

నెల తిరక్కుండా సువార్తమ్మను కంప్యూటరు గదిలోనుంచి తీసి, ఉత్తరాలకు స్టాంపులు అంటించే పనిలో వేశారు. యూనియన్ తరఫున మేము ఒక్క అర్జీ కూడా రాయలేదు. రాయాల్సింది.