పులియని పీపా

మా పక్కింటావిడను వీధంతా పీపాల పిన్ని అంటుంది. చేపలు కోసే షెడ్డులో పారేసే తలలు, పేగులు తెచ్చి, మిషన్‌లో నూరి, బెల్లపు మడ్డి కలిపి, పాత పీపాలోంచి ఓ చెంబెడు తోడు వేసి మూత బిగిస్తుంది. పాలు తోడుకున్నట్టే అదీ పులుస్తుంది. పులిస్తే ఇక కుళ్లదు. తవుడులో కలిపి పందులకు పెడుతుంది. ఆ పందుల మీదే ఇద్దరు కూతుళ్లను చదివించింది.

నేను చదివింది సూక్ష్మజీవుల శాస్త్రం. ఇంట్లో పాలు తాగే పాప. ఈగ వాలినా నాకు గుండె జారిపోతుంది. అయినా ఆ పీపాలంటే ఎప్పుడూ భయపడలేదు. గోడ దాటి వచ్చేది పుల్లటి వాసనే.

ఈమధ్య అది మారింది. ఇప్పుడు వచ్చేది కుళ్లు కంపు. నేను కిటికీలన్నీ బిగించి పాపను లోపలి గదిలో పడుకోబెట్టాను. పిన్ని ఇంటి ఓనరు నడివీధిలో నిలబడి ఆమె మీద అరిచాడు: "ఆదివారంకల్లా పందులు, పీపాలు, నువ్వు, అన్నీ కదలాలి!"

ఈ పెరడు పోతే ఆమెకు బతుకే లేదు. పందుల్ని ఎవరు రానిస్తారు?

పాపను అమ్మకు అప్పజెప్పి, పులుపు చూసే కాగితం పట్టుకుని పిన్ని పెరట్లోకి వెళ్లాను. పీపాలో ముంచితే ఎర్రబడాల్సింది నీలంగా తిరిగింది.

"పిన్నీ, ఇందులో సున్నంలాంటిదేదో పడింది. దాంతో తోడు చచ్చిపోయింది."

పిన్ని మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగంతా దేవింది. మిషన్‌లో నలగకుండా జారిన తెల్లటి గడ్డ ఒకటి పైకొచ్చింది. చిదిపి వాసన చూసింది. మొహం జేవురించింది. ఓనరు ఇంకా వీధిలోనే ఉన్నాడు.

"బ్లీచింగ్ పొడి! షెడ్డులో నేల కడిగిన చెత్తంతా, పేగుల కోసం నేను అక్కడ పెట్టిన తొట్టెలోకే ఎత్తుతున్నారన్నమాట. ఓనరుగారూ, రండి. నా మీద అరిచారుగా, ఇప్పుడు నాతో నడవండి."

షెడ్డు మేస్త్రీ కుర్చీలోంచి లేవనుకూడా లేదు. "చేపల పీపా కంపు కొట్టక అత్తరు వాసనొస్తుందా? తనిఖీవాళ్లు వస్తున్నారని పొడి చల్లించాం. తినేవి పందులేగా!"

నాకు ఒళ్లు మండిపోయింది. "అది పులవకుండా కుళ్లితే ఎంత విషం పుడుతుందో తెలుసా? పక్కింట్లో పసిబిడ్డ ఉంది!"

పిన్ని ఆ గడ్డను అతని టీ గ్లాసు పక్కన పెట్టింది. "పందులేగా అన్నావు. మరి నువ్వు నాకి చూడు."

మేస్త్రీ గ్లాసు చటుక్కున పక్కకు లాక్కున్నాడు.

"రేపట్నుంచి నా తొట్టెలు కోత బల్ల కిందే ఉంటాయి. నేను ఎత్తుకెళ్లాకే నీ పొడి. కాదంటే నీ పేగులు నువ్వే మోసుకో. రెండ్రోజులు ఆగితే తనిఖీవాళ్లకు వాసనే దారి చూపిస్తుంది."

"ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?" అని గొణిగాడు. కానీ పనివాళ్లను పిలిచి బల్ల కింద చోటు ఖాళీ చేయించాడు.

తిరిగొచ్చాక పిన్ని గుమ్మంలో ఓనరు నీళ్లు నమిలాడు. "సరేలే, ఉండు. ఆ మాట మర్చిపో."

"మర్చిపోను. వెళ్లిపొమ్మని నడివీధిలో అన్నారు. ఉండమని గుమ్మంలో గొణుగుతారా?"

ఓనరు వీధి మధ్యకొచ్చి, చుట్టూ చూసి, "తప్పు పిన్నిది కాదు," అన్నాడు.

"వినపడలేదు."

ఈసారి అరిచాడు. ఆ అరుపుకి మా పాప లేచి ఏడుపు అందుకుంది. పిన్ని మాత్రం ఇంకా చేతులు కట్టుకునే నిలబడింది.

"మేడమీదవాళ్లకు కూడా," అంది.