నింపి పంపిన ట్యాంకు

గడ్డి కోసే మిషన్ మళ్లీ ఆగిపోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది రేపల్లెలో ఉండే మా చెల్లెలి అత్తగారు. పొద్దున్నే ఫోన్ చేశారు.

"అమ్మాయ్, మీ మిషన్ మూలుగుతోంది గాని లేవటం లేదు. నాకో తోడు దొరికింది" అన్నారు.

నవ్వాను గాని ప్రాణం ఉసూరుమంది. ఆ శనివారమే మా మరిది, అంటే చెల్లెలి భర్త, జ్ఞాపకార్థ కూడిక. ఆయన పోయి ఏడాది. భూస్థాపన రోజున ఆవిడ తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నారు. కొడుకు సమాధిని ఇంతవరకూ చూడలేదు. ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. ఆ సమాధి ఊరి సమాధుల తోటలో చివరి వరుసలో ఉంది. వానలకు గడ్డి నడుం ఎత్తు పెరిగింది. వరి కోతల రోజులు కావడంతో కూలికి మనిషి దొరకలేదు. కుర్చీలో మోసుకెళ్తామంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"నన్ను మోసే రోజు ఎటూ ఉందిగా. అప్పటిదాకా నడుస్తాను."

ఆ మిషన్ మా ముగ్గురు అక్కచెల్లెళ్లది. తెనాలిలో నేను, బాపట్లలో అక్క, రేపల్లెలో చెల్లెలు కలిసి కొన్నాం. భుజాన తగిలించుకుని తాడు లాగితే నడిచే చిన్న పెట్రోలు ఇంజను. ఉన్నవాటిలో చవకది. పెరడు ఎవరిది పెరిగితే వాళ్లింటికి ట్రాలీ ఆటోలో వెళ్తుంది. వెళ్లిన ప్రతిచోటా కొన్నాళ్లు నడుస్తుంది, తరువాత మొరాయిస్తుంది. తాడు లాగి లాగి మా ఆయన భుజం పట్టేసేది. ప్లగ్గు మార్చాం. కార్బురేటర్ విప్పించాం. చవక సరుకు ఇంతేనని తిట్టుకుంటూనే వాడాం.

శుక్రవారం పొద్దున రైల్లో నేనూ మా ఆయనా రేపల్లె వెళ్లాం. మా ఆయన చొక్కా విప్పి అరుగు మీద పెట్టి తాడు లాగడం మొదలుపెట్టారు. మిషన్ ఒకసారి దగ్గి ఊరుకుంది. అత్తగారు వాకిట్లో కుర్చీ వేయించుకుని చూస్తూ కూర్చున్నారు. ఆవిడ ముఖం చూడలేక నేను లోపలికి వెళ్లి మోకరించాను. ఇంజను కోసం ప్రార్థన చేయవచ్చో లేదో నాకు తెలియదు. చేశాను.

బయటికి వచ్చేసరికి మా ఆయన ట్యాంకు మూత తీసి వాసన చూస్తున్నారు. "ఇది పెట్రోలు వాసన కాదే. పాత వార్నిష్ వాసన. ఎప్పుడు పోశావమ్మా?" అని చెల్లెల్ని అడిగారు.

"నేను పోయలేదు బావా. అక్క నిండా పోసి పంపింది, వానలకి ముందు. అప్పట్నుంచి మూలనే ఉంది."

బాపట్లకి ఫోన్ చేశాం. అక్కకి కోపం వచ్చింది. "నింపక ఖాళీగా పంపుతానా ఏంటి? అమ్మ నేర్పింది అదేనా?"

నిజమే. మేము బడికి వెళ్లలేదు. అమ్మ వంటింట్లో బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పింది. ఎవరి గిన్నె తెచ్చుకున్నా ఖాళీగా ఇవ్వకూడదని, చారెడు పంచదారైనా వేసి పంపాలని దాంతోపాటే నేర్పింది. ముగ్గురం ఆ మాటే పట్టుకుని మిషన్‌ని కూడా ప్రతిసారీ నింపి పంపాం. ఆయిల్ కలిపిన పెట్రోలు నెలల తరబడి నిలవుండి, జిగురై, కార్బురేటర్‌ని మూసేసింది.

మా ఆయన ట్యాంకు వంపేశారు. కార్బురేటర్ విప్పి కొత్త పెట్రోలుతో కడిగారు, ఆయిల్ కలిపి కొద్దిగా పోశారు. ఆయన అలిసిపోయి ఇక చాలనుకున్నప్పుడు అది నల్లటి పొగ వదిలి అందుకుంది. అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "అబ్బ, వీడి నోరు" అన్నారు.

చవకది చవకదే. సమాధుల తోటకి తీసుకెళ్లి కోస్తుంటే మధ్యలో బోల్టులు వదులై రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. చివరి వరుస దగ్గర బ్లేడు రాయికి తగిలి వంగింది. మిగిలిన గడ్డి నేనూ చెల్లెలూ కొడవళ్లతో కోశాం. నడుములు విరిగాయి. అయినా ఆ ఇంజను మీద నాకు కృతజ్ఞతే కలిగింది. మేం పెట్టిన బాధలకి అది నడవడం ఎప్పుడో మానుకోవాల్సింది.

శనివారం ఆవిడ నడిచే వచ్చారు. సమాధి దగ్గర ఆగి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశారు.

"ఇంత పొడుగు కట్టారేంటి? వాడు అంత పొడుగు కాదుగా."

"అందరికీ అంతే కడతారు అత్తయ్యా" అంది చెల్లెలు.

ఆవిడ తల ఊపి, సిమెంటు మీద చెయ్యి ఆనించారు. పాదిరిగారు ప్రార్థన ముగించినా తియ్యలేదు. మేం తొందరపెట్టలేదు.

తిరిగి వచ్చాక ఆవిడకి రెండు కాళ్లూ వాచాయి. డాక్టరు నడక తగ్గించమన్నారట. ఈస్టర్‌కి మళ్లీ వెళ్తానని ఇప్పుడే చెప్పి పెడుతున్నారు. ఇది చదివినవాళ్లు మీ ప్రార్థనలో ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి. రేపల్లెలో వాకర్‌తో నడిచే పెద్దావిడ అంటే చాలు, ప్రభువుకి తెలుస్తుంది.