ఇంటింటికీ వెళ్లి అడిగిన రాజవ్వగారు

సూరత్‌లోని ఉధ్నాలో మగ్గాల గల్లీవాసి, మా తెలుగు సంఘ సభ్యురాలు రాజవ్వగారు ఇక లేరన్న వార్త ఆదివారం ఉదయం ఫోనులో విన్నాను. మూత్రపిండాలు చెడి కొన్ని నెలలుగా ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నారని తెలుసు. చూసి రావాలనుకుంటూనే ఉండిపోయాను. తీరిక లేక కాదు, ఆమె ముఖం చూసే ధైర్యం లేక. ఆ సంగతి దాచిపెట్టి నివాళి రాస్తే అది ఆమెకు మరో అపచారం.

కరీంనగర్ వైపు పల్లె నుంచి మగ్గం పనికి వచ్చిన భర్త వెంట ఆమె సూరత్ చేరి ముప్పై ఏళ్లు దాటింది. భర్త గతించాక ఇంట్లోనే చీరలకు మెరుపురాళ్లు అతికిస్తూ కొడుకును పెంచారు. అక్షరజ్ఞానం లేదు. కానీ ఆ వివేకం, ఆ నిర్భీతి బ్యాంకులో అధికారం వెలగబెట్టిన నాకు లేవు. "అడగందే అమ్మయినా పెట్టదంటరు. ఆ అమ్మకేం గావాల్నో ఎవరన్న అడిగిన్రా సారూ?" అని ఒకసారి నన్ను నిలదీశారు.

వచ్చే బడ్జెట్‌లో మీ వార్డుకు ముందుగా ఏం చేయాలో చెప్పమని మునిసిపాలిటీ ప్రజలను అడుగుతుంది. మూడేళ్ల క్రితం ఆ ఉత్తరం మా సంఘానికి కూడా వచ్చింది. అధ్యక్షుడి హోదాలో నేను, మరో ముగ్గురు కూర్చుని జవాబు రాయబోయాం. రాజవ్వగారు అడ్డుపడ్డారు.

"మీరు నలుగురు గిట్ల కూసోని రాస్తే మా గల్లీ మాటెట్లయితది? జర ఆగుండ్రి, అడిగొస్త."

రెండు వారాలు గది గదికీ తిరిగారు. మగవాళ్లు జవాబు చెప్పి తలుపు వేయబోతే, "నీ మాట అయింది గదా తమ్మీ, ఇగ ఆమెను చెప్పనియ్యి" అని గుమ్మంలోనే నిలబడేవారట. పాత క్యాలెండరు వెనక బల్బు, మురుగు మోరీ, తలుపు బొమ్మలు గీసి, ఒక్కో మాటకు ఒక్కో గీత పెట్టుకొచ్చారు. తలుపు కింద గీతలకు చోటు చాలలేదు. తలుపంటే ఆడవాళ్ల మరుగుదొడ్డి. గల్లీ మొత్తానికి ఆడామగా అందరికీ కలిపి ఉన్నవి రెండే. మగవాళ్లు షిఫ్టుకు వెళ్లేదాకా ఆడవాళ్లు ఆగాల్సిందే.

ఆ క్యాలెండరు పట్టుకుని ఎండలో మా ఇంటికి వచ్చారు. నా భార్య మజ్జిగ ఇస్తే పెదవులు తడుపుకుని గ్లాసు పక్కన పెట్టారు.

"తాగితే పోవాలె గదమ్మా. యాడికి పోవాలె?"

నా భార్య కళ్లు దించుకుంది. నేను క్యాలెండరు చూస్తున్నట్టు నటించాను.

వార్డు సభలో దాన్ని గుజరాతీలో చదివే బాధ్యత నాది. ఎదుట అధికారులు, ముందు వరసలో మా కాలనీ పెద్దలు. కాలనీ తోట చుట్టూ నడకదారి అడగమని వాళ్లు అంతకుముందే నా చెవిలో వేశారు. నలుగురిలో మరుగుదొడ్డి అనే మాట పలకడం నాకు నామోషీ అనిపించింది. వీధిదీపాలు, నడకదారి అని చదివి కూర్చున్నాను. ఆమెకు నాకన్నా గుజరాతీ బాగా తెలుసన్న సంగతే నాకు తట్టలేదు.

బయటికి వచ్చాక ఆమె కేకలు వేయలేదు. "ఆడోళ్లు నాకు చెప్పిన్రు. నేను మీకు చెప్పిన. మీరు ఇంకేందో చదివిన్రు. ఇప్పుడు వాళ్లకు నేనేం చెప్పాలె సారూ?"

"వచ్చే ఏడు చూద్దాంలే రాజవ్వా" అన్నాను.

నడకదారి వచ్చింది. రోజూ ఉదయం దాని మీదే నడుస్తున్నాను.

మరుసటి ఏడు ఆమె మళ్లీ ఇంటింటికీ తిరిగారు. నా దగ్గరికి మాత్రం రాలేదు. సభలో తానే లేచి, "సాహెబ్, పహేలాం లేడీస్‌నుం సండాస్, బాకీ బధుం పఛీ" అని గుజరాతీలో అన్నారు. ముందు ఆడవాళ్ల మరుగుదొడ్డి, మిగతావన్నీ తర్వాత. ఎవరో నవ్వారు. అధికారి రాసుకునేదాకా ఆమె కూర్చోలేదు. గల్లీ చివర మరుగుదొడ్లు లేచాయి. ఆమె వాటిని వాడుకున్నది కొద్ది నెలలే. ఏళ్ల తరబడి నీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకోవడం వల్లే జబ్బు ముదిరిందని డాక్టరు అన్నట్టు అంత్యక్రియల నాడు కోడలు చెప్పింది. నేను పోగొట్టిన ఆ ఒక్క ఏడాది ఆమెను బతికించేదని అనలేను. బతికించేది కాదని అనడానికీ నోరు రాదు.

సంతాప సభలో ఆమె త్యాగనిరతి గురించి గంభీరంగా మాట్లాడాను. నా నిర్వాకం గురించి మాట్లాడలేదు. ఇంతలో ఈ ఏటి ఉత్తరం వచ్చింది. నిన్న సాయంత్రం నేనే గల్లీకి వెళ్లాను. మొదటి గదిలో మగమనిషి జవాబిచ్చాడు. "మీ ఆవిడను కూడా చెప్పనివ్వండి" అన్నాను. ఆమె కొంగు సవరించుకుని లోపలికి వెళ్లిపోయింది. రెండో గదిలోనూ అంతే, మూడో గదిలోనూ అంతే. నాలుగో గుమ్మంలో కూర్చున్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"పోయి రాండ్రి సారూ. రాజవ్వ అడిగితే చెప్తుంటిమి."

రాజవ్వగారూ, మీరు బతికుండగా ఒక్కసారైనా మిమ్మల్ని గారూ అని పిలవని నేను ఈ రోజు చేతులు జోడిస్తున్నాను. నా చేతిలోని కాగితం మీద అన్నీ మగవాళ్ల మాటలే ఉన్నాయి.