ఆముదం తాగిన బెల్టు

నిజాం కాలంలో మా ఆయన జట్కా తోలడం మాని, ఛత్రినాకలో ఒక సేఠ్ మోటారు నడిపేవాడు. ఇంజను చల్లబరిచే పంకా బెల్టు కీచుమంటుంటే, జట్కా ఇరుసుకు పెట్టినట్టే దానికీ ఆముదం పెట్టాడు. చప్పుడు ఆగింది.

ఒక మధ్యాహ్నం మా చిన్నదానికి జ్వరమొచ్చి ఫిట్స్ మొదలయ్యాయి. సేఠ్‌ని బతిమాలి అదే మోటారులో దవాఖానాకు బయలుదేరాం. మూసీ వంతెన మీద బెల్టు తెగింది. ఇంజనులోంచి ఆవిరి బుస్సున లేచింది. పిల్ల కళ్లు తేలేసింది.

"ఏందయ్యా గట్ల చూస్తున్నవు? పిల్ల పోతున్నది."

"నూనెకు నాని తెగిందే. జర ఆగు."

చచ్చిపోయిన తన జట్కా గుర్రానికి కట్టిన తోలు పగ్గాన్ని ఆయన పారేయలేక సీటు కింద దాచుకున్నాడు. దాన్నే కోసి బెల్టులా బిగించి కట్టాడు. దారినపోయే ఒకావిడ ఇచ్చిన బిందెడు నీళ్లు ఇంజనుకు పోశాడు. మోటారు మెల్లగా కదిలింది. దవాఖానా వచ్చేదాకా నేను పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చున్నాను. మెట్లెక్కుతుంటే అది ఏడ్చింది. ఆ ఏడుపు వినబడ్డాకే నాకు ఊపిరాడింది.

ఇప్పుడు ఆయన లేడు. ఆ పిల్ల తనే కారు కొనుక్కుంది. బెల్టు కీచుమంటే, కొత్తది వేయించేదాకా నేనెక్కను.

"గింత దానికి ఫికర్ ఏందమ్మా?" అని నవ్వుతుంది. ఆ రోజు దానికి గుర్తులేదు. నా వేలికి గుర్తుంది.